ఒక కుమ్మరి లెక్క

సాయంకాలము అంగడి తలుపులు మూసి వర్తకుడు ఇల్లు చేరగానే ఇంటివారు అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇవాళ అమ్మకమెంత?" పదివేలని చెప్పినచో అందరి ముఖములును వికసించును. మూడువేలని చెప్పినచో ఆ పూట భోజనముల దగ్గర మాటలు తగ్గును. కాని ఆ పదివేలలో సరుకు పంపిన టోకు వర్తకునిది ఎంత, అంగడి అద్దెకు పోవునది ఎంత, అరువు పట్టుకొనిపోయినవారి సంచులలోనే నిలిచిపోయినది ఎంత, అన్నియు పోగా ఇంటికి మిగులునది ఎంత అని అడుగువారు అరుదు. అమ్మకము వేరు, ఆదాయము వేరు. ఈ రెంటి నడుమనున్న దూరము తెలియక దివాలా తీసిన వ్యాపారములు ఎన్నియో కలవు. వానిలో ఎక్కువభాగము అమ్మకములు చక్కగా సాగుచున్న కాలముననే కూలినవి కూడ.

ఆ దూరమును కొలుచుటకు వ్యాపార గణితమున కొన్ని మాటలు వాడుదురు. నికరపు అమ్మకము, ఉత్పత్తి వ్యయము, స్థిరవ్యయము, చరవ్యయము, స్థూలలాభము, నికరలాభము అనునవి అట్టివి. పాఠ్యపుస్తకములో చదివినప్పుడు ఇవి నిర్వచనములుగా మాత్రమే కనబడును. కాని ఈ మాటల వెనుకనున్న భావములు ఎవరికో ఎప్పుడో కలిగిన కష్టమునుండి పుట్టినవే. అట్టి కష్టమొకటి 1772వ సంవత్సరమున ఇంగ్లండులో ఒక కుమ్మరికి కలిగెను. ఆ కథ చెప్పుకొన్నచో ఈ మాటల అర్థము కూడ వెంట వచ్చును.

లెక్కలు వ్రాయుట అంతకు పూర్వము లేదని కాదు. ప్రతి పద్దును రెండు చోట్ల, ఒకచోట జమగాను మరియొకచోట ఖర్చుగాను, వ్రాసికొను జంటపద్దు పద్ధతిని ఇటలీ వర్తకులు చాలకాలము నుండి పాటించుచుండిరి. ఆ పద్ధతిని వివరించుచు లూకా పాచోలీ అను క్రైస్తవ సన్యాసి వ్రాసిన గణితగ్రంథము 1494లో వెనిస్ నగరమున అచ్చుపడెను. మన వర్తకులకును చిట్టా, ఆవర్జాలు కొత్తవి కావు. కొందరు ఉగాదినాడు, కొందరు దీపావళినాడు పసుపు కుంకుమలు పెట్టి కొత్త పుస్తకము తెరచుట నేటికిని ఉన్నది. మనము ఎవరికి ఎంత ఈయవలెను, మనకు ఎవరు ఎంత ఈయవలెను అను సంగతిని ఈ పుస్తకములు చక్కగా చెప్పును. కొని అమ్మువానికి ఇది చాలవరకు చాలును. 100 రూపాయలకు కొన్నదానిని 120కి అమ్మినచో నడుమ 20 మిగిలినదని అతనికి వెంటనే తెలియును.

చేసి అమ్మువాని స్థితి అట్టిది కాదు. అతడు మట్టి కొనెను, వంటచెరకు కొనెను, కూలి ఇచ్చెను, కొట్టమునకు అద్దె కట్టెను. ఆవము తెరచి చూచునప్పటికి కొన్ని పగిలియున్నవి. ఈ ఖర్చులన్నియు కలిసి ఒక్క కుండకు ఎంత పడినట్లు? ఎవరికి ఎంత ఇచ్చితిమో చెప్పు పుస్తకము ఈ ప్రశ్నకు నేరుగా సమాధానము చెప్పదు.

ఈ ప్రశ్నను పట్టుదలతో అడిగినవాడు జోసయా వెడ్జ్‌వుడ్. అతడు 1730లో స్టాఫర్డ్‌షైర్ మండలమున బర్స్‌లెమ్ గ్రామమున, తరతరములుగా కుమ్మరిపని చేయుచున్న కుటుంబమున, చివరి సంతానముగా పుట్టెను. తొమ్మిదవ ఏట తండ్రి పోయెను. బాల్యమున వచ్చిన మశూచికము కుడిమోకాలిని దెబ్బతీసెను. ఆ బాధ ముదిరి, 1768లో ఆ కాలు తీసివేయవలసివచ్చెను. సారె ముందు కూర్చుండి ఎక్కువసేపు పనిచేయలేని ఆ కుమ్మరి, మట్టిపాళ్ళను, పూతలను, ఆవపు వేడిని పరీక్షించుటయందు మనసు నిలిపెను. 1765లో ఇంగ్లండు రాణి షార్లెట్ అతని మీగడరంగు తేనీటి పాత్రలను తెప్పించుకొనెను. అప్పటినుండి ఆ సరుకునకు "రాణిగారి పింగాణి" అను అర్థమిచ్చు పేరు స్థిరపడెను.

వెడ్జ్‌వుడ్ చేయుటలో నేర్పరి. అమ్ముటలో నేర్పరి టామస్ బెంట్లీ. ఇతడు లివర్‌పూల్ వర్తకుడు, చదువుకొన్నవాడు, పెద్దమనుష్యులతో పరిచయము గలవాడు. అలంకారపు పాత్రల వ్యాపారమున ఇద్దరును భాగస్వాములైరి. ఎట్రూరియా అని తాము పేరు పెట్టిన కొత్త కార్ఖానాను 1769 జూన్ 13న తెరచినప్పుడు వెడ్జ్‌వుడ్ స్వహస్తములతో ఆరు కలశములను తీర్చగా, సారె త్రిప్పినవాడు బెంట్లీయే. అటుపిమ్మట బెంట్లీ లండనులో అంగడి చూచుచుండెను, వెడ్జ్‌వుడ్ ఎట్రూరియాలో పని చూచుచుండెను. నడుమ సుమారు 150 మైళ్ళ దూరము. అందుచేత ఒకరికొకరు చెప్పవలసిన మాటలన్నియు ఉత్తరములలోనే నడచినవి. ఆ కుమ్మరి లెక్క నేడు మనకు తెలియుటకు కారణము ఆ ఉత్తరములే.

వారి అమ్మకములు ఆశ్చర్యకరముగా పెరిగినవి. ప్రభువుల ఇండ్లకు సరిపడు కలశములకై లండను అంగడి ముందు బండ్లు నిలుచుచుండెను. నచ్చని సరుకును తిరిగి తీసికొనుటకు కూడ వారు సిద్ధపడిరి. 1771లో జర్మను సంస్థానముల ప్రభువులకు, వారు అడుగకుండగనే, సరుకు పెట్టెలు కట్టి పంపిరి. ఇష్టమైనచో వెల పంపుడు, లేనిచో సరుకు త్రిప్పి పంపుడు అను పద్ధతి అది.

అమ్మకమును గూర్చిన మాటలను ఇక్కడ తెలిసికొనవచ్చును. అంగడినుండి వెడలిన సరుకు వెలయంతయు కలిపి వ్రాసినచో అది మొత్తపు అమ్మకము. అందుండి తిరిగివచ్చిన సరుకు వెలను, కొన్నవానికి ఇచ్చిన ముదరాను తీసివేయగా మిగులునది నికరపు అమ్మకము. లాభనష్టముల లెక్క ఈ నికరపు అమ్మకముతో మొదలు కావలెను గాని మొత్తపు అమ్మకముతో కాదు. ఇక అమ్మకములో మరల రెండు తెగలు. వెంటనే డబ్బు చేతికి వచ్చునది రొక్కపు అమ్మకము, తరువాత వచ్చునది అరువు అమ్మకము. అరువు అమ్మకము పుస్తకములో అమ్మకమే. కాని కూలివానికి శనివారము ఈయవలసిన డబ్బు దానినుండి రాదు. జర్మనీకి అడుగకుండగ పంపిన పెట్టెయో, వెల వచ్చువరకు, లేదా తీసికొంటిమని మాట వచ్చువరకు, అమ్మకమే కాదు. పరుల ఇంట నున్న మన నిల్వసరుకు అది.

వెడ్జ్‌వుడ్ సరుకును కొన్నవారిలో ప్రభువులు ఎక్కువ. ప్రభువులు కొనుటయందు ఎంత త్వరపడుదురో చెల్లించుటయందు అంత ఆలస్యము చేయుదురు. కావున కీర్తి పెరిగెను, అమ్మకము పెరిగెను, రావలసిన బాకీలు పెరిగెను, గిడ్డంగిలో సరుకు పెరిగెను. పెట్టెలో రొక్కము మాత్రము పెరుగలేదు.

"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని మన సామెత. ఆ పెట్టు 1772 జూన్ నెలలో పడెను. లండనులో అలెగ్జాండర్ ఫోర్డైస్ అను బ్యాంకు భాగస్వామి, ఈస్టిండియా కంపెనీ వాటాల వెల పడిపోవునని లెక్కవేసి చేసిన జూదపు బేరములలో నష్టపోయి, ఫ్రాన్సుకు పారిపోయెను. అతని బ్యాంకు మూతపడెను. దాని వెనుక స్కాట్లండులోని ఎయిర్ బ్యాంకు చెల్లింపులు నిలిపివేసెను. కొన్ని నెలలలో ఆ దెబ్బ ఆమ్‌స్టర్‌డామ్ వరకు పాకెను. అప్పు పుట్టుట కష్టమయ్యెను. అప్పు ఇచ్చినవారు తమ సొమ్ము తమకు ఈయుడని అడుగసాగిరి.

ఈ కల్లోలము తెలుగుదేశమునకు పూర్తిగా సంబంధము లేనిది కాదు. ఈస్టిండియా కంపెనీ 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతోను, 1766లో నిజాముతో చేసికొన్న ఒడంబడికతోను ఉత్తర సర్కారులను, అనగా మన కోస్తా మండలములను, చేజిక్కించుకొనియుండెను. ఇన్ని రాజ్యములను సంపాదించిన ఆ కంపెనీకే 1772లో రొక్కము కరవయ్యెను. అమ్ముడుపోని తేయాకు దాని గిడ్డంగులలో కొండలవలె పేరుకొనియుండెను. 1773లో అది తన ప్రభుత్వము నుండి 14 లక్షల పౌనులు అప్పు తెచ్చుకొనవలసివచ్చెను. రాజ్యమేలువానికిని నిల్వసరుకు రొక్కము కాదు.

ఎట్రూరియాలో వెడ్జ్‌వుడ్ పరిస్థితి ఇంకను సున్నితము. కార్ఖానాలో శిక్షణ పొందిన పనివారు ఉన్నారు. వారిని పంపివేసినచో అట్టివారు మరల దొరకరు. ఉంచుకొన్నచో కూలి ఈయవలెను. సరుకు చేసినచో గిడ్డంగి నిండును. వెల తగ్గించినచో సరుకు కదలవచ్చును. కాని ఎంతవరకు తగ్గించినచో నష్టము రాదు? ఈ ప్రశ్నకు సమాధానము తనకు తెలియదని అతడు గ్రహించెను. అప్పటివరకు వెలలు అలవాటు చొప్పున, ఊహ చొప్పున, కొనువాని స్తోమతు చొప్పున పెట్టినవే.

1772 ఆగస్టు నెలలో అతడు లెక్కలకు కూర్చుండెను. తయారీ ఖర్చు, అమ్మకపు ఖర్చు, పగులుట వలని నష్టము, వీనిని ఒక్కొక్క వస్తువుపై ఏ పాళ్ళలో వేయవలెనో తెలియక వారమంతయు తలపట్టుకొని కూర్చుంటినని బెంట్లీకి వ్రాసెను. కలశమునకు పట్టు మట్టి, దానిని తీర్చినవాని కూలి, పిడులు అతికినవాని కూలి, పూత, కాల్పు, ఒక్కొక్కటి వేరువేరుగా వ్రాసెను. కాని అంతటితో లెక్క ముగియలేదు. నమూనాలు తీర్చు శిల్పి జీతము, అచ్చులు, బొగ్గు, అద్దె, గిడ్డంగి పని, పుస్తకములు వ్రాయు గుమాస్తా, చిల్లరపనులు చేయు కుర్రవాండ్రు, పనిముట్ల అరుగుదల ఇంకను ఉన్నవి. ఒక్కొక్క కలశమునకు తాను కట్టిన ఖర్చుకును, పుస్తకములలో నిజముగా అయిన ఖర్చుకును మొదట పొంతన కుదరలేదు. కుదరని ఆ మొత్తము ఎక్కడ దాగియున్నదని వెదకుటలోనే అతనికి అసలు సంగతి బోధపడెను.

ఆ సంగతి ఇది. ఖర్చులన్నియు ఒక జాతివి కావు. కలశము ఒకటి ఎక్కువ చేసినచో దానికి పట్టు మట్టి, పూత, కూలి ఆ మేరకు పెరుగును. చేయనిచో ఆ ఖర్చు లేదు. దీనికి నేడు మనము చరవ్యయము అని పేరు పెట్టినాము. కాని అద్దె, గుమాస్తా జీతము, నమూనాల ఖర్చు అట్లు కావు. సరుకు కొంచెము చేసినను, ఎక్కువ చేసినను అవి గడియారము నడచినట్లు తమ దారిన తాము నడచుచునే యుండును. ఇవి స్థిరవ్యయములు. వెడ్జ్‌వుడ్ ఈ పేర్లు పెట్టలేదు, కాని ఈ భేదమును స్పష్టముగా చూచెను.

ఒక చిన్న లెక్కతో దీనిని చూతము. ఒక కార్ఖానాకు నెలకు అద్దె, జీతములు మొదలగు స్థిరవ్యయము 12,000 రూపాయలు అనుకొందము. ఒక్కొక్క కప్పుకు మట్టి, పూత, కూలి కలిసి చరవ్యయము 20 రూపాయలు. కప్పు వెల 40 రూపాయలు. నెలకు 400 కప్పులు చేసినచో ఒక్కొక్క కప్పుపై పడు స్థిరవ్యయము 30 రూపాయలు, దానికి 20 కలిపినచో కప్పు అసలు ఖరీదు 50. నలుబదికి అమ్మినచో కప్పుకు 10 వంతున 4,000 రూపాయలు నష్టము. అదే కార్ఖానాలో 1,200 కప్పులు చేసి అమ్మినచో ఒక్కొక్క కప్పుపై పడు స్థిరవ్యయము 10 రూపాయలే, అసలు ఖరీదు 30. అదే నలుబదికి అమ్మినచో 12,000 రూపాయలు లాభము. మట్టి మారలేదు, పనివాడు మారలేదు, వెల మారలేదు. మారినది సంఖ్య ఒక్కటే.

ఈ రెంటి నడుమ లాభమును నష్టమును లేని చోటు ఒకటి ఉండవలెను కదా! ప్రతి కప్పును తన చరవ్యయము పోగా 20 రూపాయలు మిగుల్చుచున్నది. ఈ ఇరువదులు ఎన్ని చేరినచో 12,000 నిండును? 600. ఆరువందల కప్పులు అమ్ముడుపోవువరకు ఆ కార్ఖానా అద్దెకును, జీతములకును పనిచేయుచున్నది. ఆరువందల ఒకటవ కప్పునుండి యజమానికి పనిచేయును. ఈ చోటును లాభనష్టరహిత స్థానము అందురు. మన రైతులును, నేతగాండ్రును గిట్టుబాటు అను ఒక్క మాటలో అడుగునది ఈ సంగతినే. వెల గిట్టుబాటగునా కాదా అను ప్రశ్నకు వెల ఒక్కటే చాలదు, ఎన్ని అమ్ముడుపోవునో కూడ తెలియవలెను.

స్థూలలాభము, నికరలాభములకు గల భేదము కూడ ఇక్కడనే తెలియును. అమ్ముడుపోయిన కలశములకు ఎట్రూరియాలో అయిన తయారీ ఖర్చును నికరపు అమ్మకము నుండి తీసివేయగా మిగులునది స్థూలలాభము. అందుండి లండను అంగడి అద్దె, అక్కడి గుమాస్తాల జీతములు, రవాణా, రాని బాకీలు, అప్పుపై వడ్డీ, ఇవన్నియు పోగా చివరకు నిలుచునది నికరలాభము. స్థూలలాభము చూచి సంతసించి, నికరలాభము చూడక చెడినవారు పెక్కుమంది.

వెడ్జ్‌వుడ్ లెక్కలు తవ్వినకొలది మరియొక చేదు సంగతి బయటపడెను. లండనులోని ప్రధాన గుమాస్తా యజమాని సొమ్మును స్వంతమునకు వాడుకొనుచుండెను. అమ్మకములు పెరుగుచున్నంతకాలము ఆ లోటు ఎవరికిని కనబడలేదు. అటుపిమ్మట వారము వారము లెక్క అప్పగించవలెనని యజమాని నిబంధన పెట్టెను. ఖర్చు లెక్క వస్తువు వెల కట్టుటకు మాత్రమే కాదు, పారుచున్న కుండకు చిల్లి ఎక్కడనున్నదో చూపుటకు కూడ పనికివచ్చును.

ఈ కథలో చరిత్రకారులు సాధారణముగా యజమానినే మెచ్చుకొందురు. కాని ఆ ఉత్తరములలోనే పనివారి మాట ఒకటి దొరకుచున్నది. నాకు అది యజమాని లెక్కకంటె విలువైనదిగా తోచును. పూలకుండీలు, తేనీటి పాత్రలు మొదలగువాని కూలిరేటు తగ్గింపుడని వెడ్జ్‌వుడ్ ఆ కాలముననే పనివారితో పలుమారులు మాటలాడెను. వారు ఒప్పుకొనలేదు. వారు చెప్పిన కారణమును అతడు బెంట్లీకి వ్రాసెను. ఒక్కొక్క రకము కొద్దికొద్దిగా చేయించుచున్నారు, ఫిడేలు శ్రుతి చేసికొనుటకు పట్టు శ్రమ పాట వాయించుటకు పట్టు శ్రమయంత అగుచున్నది అని వారి వాదము. అనగా పనిముట్లు సర్దుకొనుట, అచ్చు మార్చుకొనుట, చేయి కుదుర్చుకొనుట ఒక కుండకైనను డజనుకైనను ఒకటే. ఇది స్థిరవ్యయ సూత్రము తప్ప మరియొకటి కాదు. యజమాని వారమంతయు తలపట్టుకొని కాగితముపై కనుగొన్న దానిని, పనివారు చేతుల్లో ఎప్పటినుండియో ఎరిగియుండిరి. వారికి లేనిది పుస్తకము మాత్రమే.

వెడ్జ్‌వుడ్ వారి మాటలోని నిజమును ఒప్పుకొనెను. ఇకమీదట డజన్లకొలది, గ్రోసులకొలది ఒకే రకము చేయింతునని మాట ఇచ్చెను, కాని సాహసింపగలిగినంతవరకే అని ఒక హద్దు కూడ పెట్టుకొనెను. ఆ హద్దు చాల ముఖ్యమైనది. ఎక్కువ చేసినచో ఒక్కొక్కదాని ఖరీదు తగ్గుననుట నిజమే. కాని అది అమ్ముడుపోయినప్పుడే నిజము. పైలెక్కలో 1,200 కప్పులు చేసి 400 మాత్రమే అమ్మినచో అసలు ఖరీదు కాగితముపై 30 రూపాయలుగానే కనబడును. మిగిలిన 800 కప్పులు గిడ్డంగిలో దుమ్ము పట్టియుండును, వానికి పోసిన 16,000 రూపాయల మట్టియు కూలియు అందులో చిక్కుకొనియుండును. ఈస్టిండియా కంపెనీ తేయాకు గతి ఇదియే. కావున చవుకగా చేయుటకు ముందు, కొనువాడెవడో తెలియవలెను.

దీనికి కూడ అదే ఆగస్టు నెలలో అతడు సమాధానము వెదకెను. కలశములు మొదట రాజభవనముల అలంకారములుగా పేరు పొందుటకు ఎక్కువ వెల అవసరమయ్యెను. ఆ పని నెరవేరినది. ప్రభువుల ఇండ్లలో వానిని చూచి ముచ్చటపడిన మధ్యతరగతివారు ఇప్పుడు ఉన్నారు. వారి సంఖ్య ప్రభువుల సంఖ్యకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. కావున వెల తగ్గించినచో అమ్మకపు సంఖ్య పెరుగును, సంఖ్య పెరిగినచో ఒక్కొక్కదానిపై పడు స్థిరవ్యయము తగ్గును, అది తగ్గినచో తగ్గించిన వెలకును లాభము నిలుచును. వెలను నిర్ణయించునది ఖర్చు ఒక్కటే కాదు, వెల కూడ ఖర్చును మార్చగలదు అను ఈ ఎరుకతో అతడు ఆ గండమును గడచెను.

లెక్క తెలిసినవాడు ప్రతి బేరములోను లాభమే చూచుకొనునని భావింపరాదు. 1773లో రష్యా చక్రవర్తిని కాథరిన్ 952 పాత్రల విందుసరంజామా చేయింపుమని కోరెను. ఒక్కొక్క పాత్రపై బ్రిటను దేశపు దృశ్యములను చేతితో చిత్రింపవలెను. చిత్రములు లేని ఉట్టి పాత్రల వెల సుమారు 51 పౌనులు మాత్రమే. కాని చిత్రకారుల కూలితో కలిపి ఖర్చు రెండువేల ఆరువందల పౌనులు దాటెను. రాణి చెల్లించినది సుమారు 2,700. ఇంత శ్రమకు ఆ లాభము స్వల్పము. అయినను 1774లో ఆ పాత్రలను లండనులో ప్రదర్శించినప్పుడు ఇంగ్లండు రాణియు వచ్చి చూచెను. ఆ ప్రదర్శన తెచ్చిన పేరు అతని ఇతర సరుకునకు పనికివచ్చెను. తక్కువ లాభమని తెలిసి చేయుట వేరు, తెలియక చేయుట వేరు.

బెంట్లీ 1780లో మరణించెను, వెడ్జ్‌వుడ్ 1795లో మరణించెను. వారి లెక్క చాలకాలము వారి ఉత్తరములలోనే యుండిపోయెను. అట్టి విద్యను ఎవరి కార్ఖానాలో వారు రహస్యముగా దాచుకొను కాలమది. 1887లో ఎమిల్ గార్కే, జాన్ మాంజర్ ఫెల్స్ అను ఇద్దరు కార్ఖానా లెక్కలను గూర్చి ఇంగ్లండులో ఒక పుస్తకము ప్రకటించిరి. స్థిరవ్యయములను, చరవ్యయములను వేరుపరచి చూడవలెనని అందు స్పష్టముగా వ్రాసిరి. మొదటి ప్రపంచ యుద్ధానంతరము 1919లో వ్యయగణకుల సంస్థ లండనులో ఏర్పడెను. మన దేశమున అట్టి సంస్థ 1944లో కలకత్తాలో ఏర్పడి, 1959లో పార్లమెంటు చేసిన చట్టముతో శాసనసిద్ధమైన సంస్థ అయ్యెను. కొన్ని పరిశ్రమల వ్యయ లెక్కలను తనిఖీ చేయించు అధికారమును 1965లో కంపెనీల చట్టమునకు చేసిన సవరణ ప్రభుత్వమునకు ఇచ్చెను. సిమెంటు బస్తా వెల, మందుబిళ్ళ వెల న్యాయమైనదా కాదా అను విచారణ నాడు ఎట్రూరియాలో అడిగిన ప్రశ్ననే మరల అడుగుచున్నది: ఒక్కొక్కదానికి నిజముగా ఎంత పడినది?

పేరు మాత్రమే వ్యాపారమును కాపాడదనుటకు కూడ ఈ కథలోనే సాక్ష్యమున్నది. వెడ్జ్‌వుడ్ పేరుతో తరతరములు నడచిన వ్యాపారము కాలక్రమమున ఒక పెద్ద సంస్థలో భాగమయ్యెను. ఆ పెద్ద సంస్థ అప్పుల భారముతో 2009లో కూలి, వ్యాపారము ఇతరుల చేతికి పోయెను. రెండువందల ఏండ్ల కీర్తి అప్పు పద్దును కొట్టివేయలేదు.

ఈ విద్య కార్ఖానాలకే పరిమితము కాదు. ఇంట అప్పడములు, ఊరగాయలు చేసి అమ్ము గృహిణికిని, కుట్టుమిషను పెట్టుకొన్న దర్జీకిని, పాడిగేదె కట్టుకొన్న రైతుకును ఇది పనికివచ్చును. ఊరగాయ అమ్ము ఇల్లాలు మామిడికాయలు, కారము, నూనె లెక్కించును. పొయ్యి, సీసాలు, పగిలిన జాడీ, అన్నిటికంటె తన పగలంతటి శ్రమ లెక్కించుట మరచును. నెలాఖరున చేతికి వచ్చిన డబ్బంతయు లాభమని తలచును. అందులో కొంత ఆమె కూలి, కొంత రేపు కొనవలసిన జాడీ వెల. తన కూలిని తానే లెక్కలో వేసికొననివాని సరుకును లోకము ఎప్పుడును చవుకగానే కొనును.

కావున "ఇవాళ అమ్మకమెంత?" అను ప్రశ్నను మానవలసిన పనిలేదు. దాని వెంట మరి మూడు ప్రశ్నలు చేర్చుకొన్నచో చాలును. అందులో చేతికి వచ్చినదెంత? అమ్మినను అమ్మకున్నను మనకు తప్పని ఖర్చు ఎంత? ఒక్కొక్కదానికి, మన కూలితో కూడ, నిజముగా ఎంత పడినది? ఒంటికాలి కుమ్మరి ఒకడు ఈ ప్రశ్నలతో ఒక వారమంతయు తలపట్టుకొని కూర్చుండెను. మనకు రాత్రి దీపమార్పుటకు ముందు ఒక పావుగంట చాలును.